అసెంబ్లీ పన్నెండో స్టేషన్

(తూర్పు హైదరాబాద్ మైదానాలు – 14వ భాగం)

పోయిన భాగం అచ్చయిన వారం, చైతన్యపురిలో నేను పొద్దున్నే చాయ్ తాగే హోటల్ దగ్గర ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ పట్టుకున్నాడు. "ఏం సార్, పదమూడు వారాల సంది ఫుట్‌బాల్ ముచ్చట్లే రాస్తున్నరు గదా. క్రికెట్ల అజారుద్దీన్ ఎంపీ అయిండు. మరి మీ ఫుట్‌బాలోళ్లల్ల లీడర్ అయినోడు ఒక్కడన్న ఉన్నడా? గన్ని గోల్స్ కొట్టినోళ్లకు ఓట్లెందుకు పడలే?" పక్క బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. "వచ్చే వారం చదవండి" అని తప్పించుకున్నాను. అన్న మాట నిలబెట్టుకోవాలి కాబట్టి, ఈ వారం రావలసిన హబీబ్ కథను వెనక్కి జరిపి, ఈ భాగం కండక్టర్ గారి ప్రశ్నకు ఇస్తున్నాను.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కండి. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట, మూసీ మీద ఎంజీబీఎస్, ఆ తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ, గాంధీభవన్, నాంపల్లి. ఎక్కిన స్టేషన్‌తో కలిపి లెక్కేసుకుంటే పన్నెండోది అసెంబ్లీ. కాంగ్రెస్ ఆఫీసైన గాంధీభవన్ దాటితే గానీ అసెంబ్లీ రాదు. రూటు గీసిన ఇంజినీర్లు తెలిసి చేశారో, తెలియక చేశారో గానీ కొన్ని పార్టీల వాళ్లకు ఇది నచ్చదు. అసెంబ్లీలో దిగి కాస్త నడిస్తే ఎల్‌బీ స్టేడియం. పాతవాళ్ల నోట ఇప్పటికీ ఫతే మైదానే. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. మన ఎల్‌బీ నగర్ పేరులో ఉన్నదీ ఆయనే. మన కాలనీకీ, ఫుట్‌బాల్ స్టేడియానికీ ఇంటిపేరు ఒకటే అన్నమాట.

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో సగం ఆ మైదానంలోనే ఉంది. మన రాష్ట్ర రాజకీయంలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని కూడా అక్కడే జరిగాయి. 1983 జనవరి 9న ఎన్టీఆర్ రాజ్‌భవన్ వదిలి జనం ముందుకొచ్చి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఆ గడ్డి మీదే. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణం చేసిందీ అక్కడే. ఇంకా దగ్గరికి రండి. 2021 మార్చిలో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓట్లు లెక్కించింది మన సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో. పోటీలో ఉన్నది 93 మంది, బ్యాలెట్ పేపరు పరిస్తే దినపత్రికంత. ఒక్కొక్క అభ్యర్థినీ తీసేస్తూ, వాళ్ల ఓట్ల రెండో ప్రాధాన్యం చూసుకుంటూ పోతే లెక్క 17న మొదలై 20 దాకా సాగింది. చివరికి పి.వి. నరసింహారావు గారి కుమార్తె సురభి వాణీదేవి గెలిచింది. ఆ నాలుగు రోజులూ సరూర్‌నగర్ చెరువు వైపు వాకింగ్‌కు వెళ్లే మా బ్యాచ్ పోలీసు బారికేడ్ల చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

కాబట్టి మన ఊళ్లో రాజకీయం మైదానంలోకి ఎప్పుడంటే అప్పుడు వచ్చింది. కుర్చీలేసుకుంది, మైకులు కట్టుకుంది, ఓట్లు కూడా అక్కడే లెక్కపెట్టుకుంది. మరి మైదానంలో ఆడినవాడు రాజకీయంలోకి ఎందుకు పోలేదు?

దేశానికి ఆడిన మన హైదరాబాదీ ఫార్వర్డుల పేర్లు తీయండి: తులసీదాస్ బలరామ్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ. వీళ్లలో ఒక్కరూ ఎమ్మెల్యే కాలేదు, ఎంపీ కాలేదు. షబ్బీర్ అలీ పేరు చెప్పగానే కొందరు "అదేంటి, మంత్రి కూడా చేశారు కదా" అంటారు. ఆయన వేరు. కామారెడ్డి నుంచి గెలిచి మంత్రి అయినాయన మహమ్మద్ అలీ షబ్బీర్. మన షబ్బీర్ అలీ 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న భారత కుర్ర జట్టుకు కెప్టెన్, తర్వాత సీనియర్ జట్టుకూ కెప్టెన్, 2011లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నవాడు. పేరు తిరగేస్తే ఒకరికి అసెంబ్లీ, ఒకరికి గోల్‌పోస్టు. ఫుట్‌బాలర్ షబ్బీర్‌కు బయట ఈ తికమక ఎన్నిసార్లు ఎదురై ఉంటుందో!

ఇక బలరామ్ దగ్గరికి వద్దాం. కండక్టర్ గారి ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలోనే ఉందని నా నమ్మకం.

సికింద్రాబాద్ అవతల అమ్ముగూడ. ఇవాళ ఓటర్ల లెక్కన చూస్తే అమ్ముగూడా మన ఎల్‌బీ నగరూ ఒకే పార్లమెంటు నియోజకవర్గం, మల్కాజ్‌గిరి. 1936లో ఆ ఊళ్లో ఒక తమిళ కుటుంబంలో బలరామ్ పుట్టాడు. చుట్టూ కంటోన్మెంటు. సిపాయిలు ఆడుతుంటే చూసి, వాళ్ల వెంటబడి ఆట నేర్చిన పిల్లలు ఆ పక్క ఎంతోమంది. ఇంట్లో ఆటబూట్లు కొనే స్తోమత లేదు. హైదరాబాద్ జట్టుకు మనుషుల్ని వెతుకుతున్న సయ్యద్ అబ్దుల్ రహీం కంట ఈ కుర్రాడు పడ్డాడు. రోజూ ప్రాక్టీసుకు రమ్మంటే, రావడానికి డబ్బుల్లేవన్నాడట. అద్దె సైకిలుకు కావలసిన పైసలు రహీం సాబే ఇచ్చాడని బలరామ్ పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ అంటే పది పన్నెండు కిలోమీటర్లు దాటుతుంది. అద్దె సైకిలు మీద పోయి, ఆడి, మళ్లీ అదే సైకిలు మీద ఇంటికి.

రహీం సాబ్ గురించి 6వ భాగంలో వివరంగా రాశాను, మళ్లీ రాయను. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పిన టీచరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ పోయే బస్సు రోజూ ఆ ముంగిట్లోంచే పోతుంది. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. కుడికాలి వాటం వాడికి ఎడమకాలితోనే ఆడాలని పందెం పెట్టేవాడు, బంతి ఒక్క తాకుతో సాగిపోవాలనేవాడు. బలరామ్ ఆటలో కనిపించే ఒడుపంతా ఆ బళ్లోదే. ఎడమ వైపు వింగ్ అంటే ఎడమ వైపు, మధ్యలో కాస్త వెనక నుంచి ఆడమంటే అట్లా. బంతి కాలి దగ్గర ఎక్కువసేపు ఉంచుకునేవాడు కాదు. గోలు కొట్టడం తెలిసినవాడే, అయినా పక్కవాడికి అందించడంలో కూడా అంతే ఇష్టం.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. బలరామ్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. జట్టులో మన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. తర్వాత యుగోస్లావియా చేతిలో 1–4, కంచు పతకం పోటీలో బల్గేరియా చేతిలో 0–3. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇండియా అంతకన్నా పైకి ఎప్పుడూ పోలేదు.

1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయన్ను కలకత్తా తీసుకుపోయింది. ఈ కథలో మలుపు ఇక్కడే. హైదరాబాద్ ఆటగాళ్లను తయారు చేసేది, కలకత్తా వాళ్లను దేవుళ్లను చేసేది. మన దగ్గర పోలీసు జట్టులో కొలువు, నెల జీతం, ఫతే మైదాన్‌లో కొన్ని వేల మంది చప్పట్లు. అక్కడ లక్షల మంది అభిమానులు, ఇలిష్ చేపకూ రొయ్యకూ మధ్య యుద్ధం – ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజార్లో ఇలిష్ ధర పెరుగుతుంది, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య ధర. అమ్ముగూడ కుర్రాడు ఇలిష్ వైపు చేరాడు. 1961లో ఆయన్ను కెప్టెన్ చేశారు. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ తొమ్మిదేళ్ల తర్వాత కలకత్తా లీగ్ గెలిచింది, 23 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా పైన ఉన్నది కెప్టెనే.

నడుమ 1960లో రోమ్ ఒలింపిక్స్. ఆగస్టు 26న హంగరీతో మ్యాచ్. ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన హంగరీ అది, యూరప్‌లో వణుకు పుట్టించే జట్టు. ఇండియా 1–2తో ఓడింది, ఆ ఒక్క గోలూ బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1–1, కెప్టెన్ పి.కె. బెనర్జీ గోలు. పెరూతో 1–3, ఆ ఒకటి మళ్లీ బలరామ్‌దే. ఓడిన మ్యాచ్‌లలో గోలు కొట్టినవాడిని చరిత్ర తొందరగా మరిచిపోతుంది. స్కోరు చూసేవాడు గెలిచినవాడి అంకె చూసి ఓడినవాడి అంకె చూడడు.

రాజకీయం గురించి అడిగిన కండక్టర్ గారికి నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది 1962 జకార్తా. బలరామ్ రాజకీయంలోకి పోలేదు గానీ, రాజకీయం ఆయన ఎక్కిన బస్సు దాకా వచ్చింది.

ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా వీసాలివ్వలేదు. ఒలింపిక్ కమిటీలో మన సభ్యుడు జి.డి. సోంధీ, అట్లాగైతే వీటిని ఆసియా క్రీడలనకూడదని పట్టుబట్టాడు. జకార్తా జనానికి అది ఇండియా పెట్టిన పేచీగా కనబడింది. ఫైనల్‌కు ముందు రోజు మన రాయబార కార్యాలయం మీద గుంపు పడింది. మన ఆటగాళ్లు స్టేడియానికి పోతుంటే బస్సు మీది జెండా తీసేశారనీ, తలపాగాలు కనబడకుండా సిక్కు ఆటగాళ్లు సీట్ల కింద కూర్చున్నారనీ ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పారు. జర్నైల్ సింగ్ తలకు అప్పటికే కుట్లు. డిఫెండర్‌గా తలతో బంతిని ఎదుర్కొంటే కుట్లు ఊడతాయని కోచ్ రహీం సాబ్ ఆయన్ను ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. రహీం సాబ్‌కేమో లోపల క్యాన్సర్.

సెనాయన్ స్టేడియంలో లక్ష మంది. మన జాతీయ గీతం వస్తుంటే గోల. ఎదుట దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2–0తో ఓడించినవాళ్లు. ఆ ఓటమి తర్వాత థాయ్‌లాండ్‌పై 4–1, జపాన్‌పై 2–0, రెండింట్లోనూ బలరామ్ గోలు ఉంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3–2. ఇప్పుడు ఫైనల్. 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో తలకు కట్టుతోనే జర్నైల్. చివర్లో కొరియా ఒకటి వేసింది. 2–1. ఆసియా బంగారు పతకం. ముందు వరసలో కుడి వైపు పి.కె., నడుమ కెప్టెన్ చునీ గోస్వామి, ఎడమ వైపు బలరామ్. ముగ్గురినీ కలిపి ఒకే ఊపిరిలో చెప్పుకోవడం ఆ తరానికి అలవాటు. ఆ తర్వాత అరవై ఏళ్లు దాటినా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయాడు. అదే ఏడు బలరామ్ ఊపిరితిత్తులకూ జబ్బు చేసింది. డాక్టర్లు ఆట మానమన్నారు. ఇరవై ఏడేళ్లు. గురువునూ శిష్యుణ్నీ ఒకే ఏట ఊపిరితిత్తులే దెబ్బ తీశాయి. ఇరవై ఏడు అంటే ఫార్వర్డుకు మంచి వయసు. ఇంకో ఆరేడేళ్లు ఆడగలిగేవాడు.

తర్వాత ఆయన హైదరాబాద్ తిరిగి రాలేదు. రైల్వే ఉద్యోగం, కలకత్తా, చివరికి హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. తోటివాళ్లు ఎక్కడెక్కడికి పోయారో చూడండి. చునీ గోస్వామికి 1983లో పద్మశ్రీ, 2005లో కోల్‌కతా షెరీఫ్ పదవి. అధికారం లేని అలంకారపు పదవే గానీ పదవి పదవే. పి.కె.కు 1990లో పద్మశ్రీ. ఆయన తమ్ముడు ప్రసూన్ బెనర్జీ, తనూ ఇండియా కెప్టెన్‌గా ఆడినవాడు, 2013 ఉప ఎన్నికలో తృణమూల్ టికెట్ మీద హౌరా నుంచి లోక్‌సభకు పోయి, 2014, 2019, 2024లలో కూడా గెలిచాడు. ఉత్తరపారా నుంచి అదే నది వెంట కిందికి దిగితే హౌరా. బలరామ్‌కు 1962లో అర్జున అవార్డు దక్కింది, పద్మశ్రీ రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు, పత్రికల వాళ్లు అడిగితే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవాడు. ఎవరినీ బతిమాలే రకం కాదు. ఆ ఒక్క గుణం చాలు, మనిషి రాజకీయానికి పనికిరాకుండా పోవడానికి.

అయితే గుణం ఒక్కటే కారణం కాదు. హైదరాబాదీ ఫార్వర్డుకు జనం ఉన్నది ఒక ఊళ్లో, ఓటు ఉన్నది ఇంకో ఊళ్లో. అమ్ముగూడలో పుట్టినవాడికి ఈడెన్ గార్డెన్స్ వైపు లక్ష మంది చప్పట్లు కొట్టారు. కానీ ఆ లక్ష మంది ఓట్లు ఆయన పుట్టిన నియోజకవర్గంలో లేవు. ఆయన పుట్టిన నియోజకవర్గంలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమందో నేను లెక్కపెట్టడానికి భయపడతాను. అజారుద్దీన్ సంగతీ కొంచెం ఇట్లాంటిదే. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన హైదరాబాదీ 2009లో గెలిచింది ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో. సొంత ఊళ్లో, 2023 జూబ్లీహిల్స్ పోటీలో, ఓడిపోయాడు. 2025 అక్టోబరు చివర్లో రాష్ట్ర మంత్రిగా ప్రమాణం చేశాడు గానీ, అది ఊరి ఓటు వేయించుకుని వచ్చింది కాదు.

"మరి నిజంగా పోయినోడు ఎవడు?" అంటారు కండక్టర్ గారు. ఉన్నాడు. ఆయన మన ఎల్‌బీ స్టేడియంలో ఆడాడు కూడా. బైచుంగ్ భూటియా.

2008 వానాకాలం గుర్తుందా? ఆసియా ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌లో పెట్టారు. ఇండియా గ్రూప్ మ్యాచ్‌లు, సెమీఫైనల్ ఎల్‌బీ స్టేడియంలో. వాన కురిసి కురిసి గ్రౌండు బురదగుంట అయింది. ఫైనల్‌ను ఢిల్లీకి మార్చాల్సి వచ్చింది. ఆగస్టు 13న అక్కడ తజికిస్తాన్‌పై 4–1, సునీల్ ఛెత్రి హ్యాట్రిక్, నాలుగోది కెప్టెన్ భూటియాది. మన ఊరి బురదలో పుట్టిన కప్పు ఢిల్లీలో చేతికందింది.

భూటియా సిక్కింలోని తింకితాం అనే పల్లెలో 1976లో పుట్టాడు. 1993లో ఈస్ట్ బెంగాల్, అంటే బలరామ్ క్లబ్బే. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీస్‌లో మోహన్ బగాన్‌పై హ్యాట్రిక్ కొట్టాడు, ఆ రోజు టికెట్ల లెక్క 1,31,000 అని చెబుతారు. 1999లో ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్బుకు పోయాడు. 2008లో టిబెట్ వాళ్లకు మద్దతుగా ఒలింపిక్ జ్యోతి మోయనన్నాడు. రాజకీయం వాసన ఆ రోజే వచ్చి ఉండాలి.

2014లో తృణమూల్ టికెట్ మీద డార్జిలింగ్ లోక్‌సభ స్థానం. సాల్ట్ లేక్‌లో ఆయన పేరు అరిచిన జనం చాలామంది డార్జిలింగ్ ఓటర్లు కారు. అక్కడి కొండల్లో గూర్ఖాలాండ్ అనే మాట ముందు ఏ హ్యాట్రిక్కూ నిలబడదు. దాదాపు రెండు లక్షల ఓట్ల తేడాతో బీజేపీ అభ్యర్థి అహ్లూవాలియా గెలిచాడు. 2016లో సిలిగురి అసెంబ్లీ, ఎదుట సీపీఎం దిగ్గజం అశోక్ భట్టాచార్య, మళ్లీ ఓటమి. 2018లో తృణమూల్ వదిలి సొంత రాష్ట్రం చేరి హమ్రో సిక్కిం పార్టీ పెట్టాడు. 2019లో రెండు సీట్ల నుంచి పోటీ, రెండూ పోయాయి. అదే ఏడు గ్యాంగ్‌టక్ ఉప ఎన్నిక, అదీ పోయింది. 2023లో పార్టీని సిక్కిం డెమోక్రటిక్ ఫ్రంట్‌లో కలిపాడు. 2024లో బర్‌ఫుంగ్‌లో నిలబడ్డాడు. ఆ ఎన్నికల్లో అవతలి పార్టీ 32 సీట్లలో 31 ఊడ్చేసింది, అందులో బర్‌ఫుంగ్ ఒకటి. పదేళ్లలో ఆరు ఓటములు. ఎన్నికల రాజకీయం ఇక వద్దని ఆ జూన్‌లో ప్రకటించాడు.

ఈ ఆరింటికన్నా నాకు ఏడోది ఎక్కువ గుర్తు. అది ఫుట్‌బాల్ ఎన్నికే. 2022 ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసి, పదకొండు రోజులకు ఎత్తేసింది. సెప్టెంబరు 2న అధ్యక్ష పదవికి ఎన్నిక. భూటియా నిలబడ్డాడు. ఆయన పేరు ప్రతిపాదించింది ఎవరో తెలుసా, ఆంధ్రప్రదేశ్ సంఘం. ఎదుట కల్యాణ్ చౌబే, ఒకప్పటి గోల్‌కీపర్, బీజేపీ నాయకుడు. ఓట్లు ముప్పై నాలుగు, ఒక్కో రాష్ట్ర సంఘానికి ఒకటి. ఫలితం 33–1. దేశానికి ఇన్ని గోల్స్ కొట్టిన స్ట్రైకర్ ఒక గోల్‌కీపర్ చేతిలో 33–1తో ఓడిపోయాడు! ఆ ప్రతిపాదన పెట్టిన మన కోసరాజు గోపాలకృష్ణ కోశాధికారి పదవికి పోటీ చేస్తే ఆయనకూ ఒక్క ఓటే వచ్చింది. ఆ రోజు గ్యాలరీలో జనం లేరు. ఓటు ఉన్నవాళ్లే ఉన్నారు. అంతకన్నా వివరంగా చెప్పనక్కర్లేదు కండక్టర్ గారికి, ఆయన యూనియన్ ఎన్నికలు చూసినవాడే.

పోనీ గెలిచినవాడు లేడా అంటే, దూరాన ఒకడున్నాడు. లైబీరియా రాజధాని మన్రోవియా మురికివాడలో పెరిగిన జార్జ్ వియా, 1995లో ప్రపంచ ఉత్తమ ఆటగాడు. 2005లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఎల్లెన్ జాన్సన్ సర్లీఫ్ చేతిలో ఓడాడు. చదువు లేదన్నారు, పోయి చదువుకున్నాడు. 2011లో ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఓటమి. 2014లో సెనేటర్. 2017 డిసెంబరులో జోసెఫ్ బొకాయ్‌ని ఓడించి, 2018 జనవరిలో అధ్యక్షుడయ్యాడు. 2023లో అదే బొకాయ్ చేతిలో చాలా తక్కువ తేడాతో ఓడి, ఫోన్ చేసి అభినందించి దిగిపోయాడు. వియా ఆడింది పారిస్‌లో, మిలాన్‌లో. కానీ డబ్బు పంపింది ఇంటికి, జాతీయ జట్టు విమానం ఖర్చులు భరించిందీ ఆయనే. ఆట ముగిశాక తిరిగి వచ్చి నిలబడింది తను పెరిగిన వీధుల్లో. ఉత్తరపారా నుంచి అమ్ముగూడకు అట్లా తిరుగు ప్రయాణం జరగలేదు.

ఇంకో మాట, మన వైపుది. ఓటు అడగడానికి ఆటగాడు రావాలంటే ముందు ఆటగాడు ఉండాలి కదా. పూర్తి కొలతల ఫుట్‌బాల్ గ్రౌండు 105 మీటర్లు పొడవు, 68 మీటర్లు వెడల్పు. మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ భాషలో అది దాదాపు ఎనిమిదిన్నర వేల గజాలు. రోడ్లు లెక్కలోకి తీసుకోకపోతే, 200 గజాల ప్లాట్లు నలభై రెండు వస్తాయి. పొలాలన్నీ కాలనీలవుతున్న రోజుల్లో ఏ వెంచరు వాళ్లు నలభై రెండు ప్లాట్లు వదిలేస్తారు? పార్కుకని చూపించిన మూల స్థలంలో వాటర్ ట్యాంకు, గుడి, కమ్యూనిటీ హాలు వచ్చాయి. ఎల్‌బీ నగర్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది, 2009లో సొంతంగా అసెంబ్లీ నియోజకవర్గం అయింది. అప్పటి నుంచి ఇక్కడ ఓటు అడిగినవాళ్లంతా రిజిస్ట్రేషన్లు, నాలాలు, వరద నీళ్ల గురించే మాట్లాడారు. తప్పేం లేదు, ఇంట్లోకి నీళ్లొచ్చినవాడికి ఆఫ్‌సైడ్ రూలు చెబితే కొడతాడు.

బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయాడు. పి.కె., చునీ 2020లోనే నెల పది రోజుల తేడాలో వెళ్లిపోయారు, ముగ్గురిలో ఆయనే చివరివాడు. మూడు నెలలు తిరక్కుండా, మే 8న మన సరూర్‌నగర్ స్టేడియంలో కాంగ్రెస్ యువ సభ జరిగింది, ప్రియాంక గాంధీ వచ్చింది. ఆ సభ అయిపోయాక మర్నాడు పొద్దున అటు పోయాను. షామియానాలు విప్పుకుపోయారు గానీ కర్రలు పాతిన గుంతలు అట్లాగే ఉన్నాయి. పది పన్నెండేళ్ల పిల్లలు ఏడెనిమిది మంది బంతి తెచ్చుకున్నారు. గోల్‌పోస్టులకు రాళ్లు వెతుక్కుంటున్నారు. వాళ్లలో పొడుగు పిల్లాడు ఒకడు రెండు గుంతల మధ్య అడుగులు వేసి కొలిచాడు. "ఏడడుగులుంది రా, సరిపోతది" అని, చెరో గుంతలో ఒక ఎండు కొమ్మ పాతి, గోల్‌కీపర్‌ను నిలబెట్టాడు.

వచ్చే భాగంలో: ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఎదుట హబీబ్.